తిరుగుదారి లెక్క: నేల ఆక్రమించని దండు గురించి ఒక ప్రాజెక్టు డైరీ

41వ టర్ను (1160)

మెడీవల్ 2: టోటల్ వార్ అనే మధ్యయుగపు యుద్ధాల కంప్యూటర్ ఆటలో ఇంగ్లండు పక్షాన ఇదివరకు రెండుసార్లు ఆటను చివరిదాకా ఆడాను. ఇందులో ఒక్కో వంతును టర్ను అంటారు, టర్ను పక్కన రాసింది ఆటలో నడిచే ఏడాది. రెండుసార్లూ ఆట ఒకే దారిలో నడిచింది. నార్మండీలోని కాన్ కోటలో సైన్యాన్ని పోగుచేయడం, ఆంజే, పారిస్, రీమ్స్ వరుసగా పట్టుకోవడం, పట్టుకున్న ప్రతిచోటా కాపలా దళాన్ని వదిలి పన్నులు పెంచడం, డెబ్బయ్యో టర్ను వచ్చేసరికి పశ్చిమాన ఎదురు నిలిచే రాజ్యమే లేకుండా పోవడం. అందుకే ఈసారి ఫ్రాన్సులో ఒక్క ఊరిని కూడా నా పటంలో కలుపుకోకుండా, కేవలం దోపిడీ దండ్లతో ఆ రాజ్యాన్ని లొంగదీయగలనా అన్నది ప్రాజెక్టుగా పెట్టుకున్నాను. ప్రస్తుతం నా చేతిలో లండన్, నాటింగ్‌హామ్, యార్క్, కర్నార్వన్, కాన్ ఉన్నాయి. ఆట ముగిసేదాకా ఈ అయిదే ఉంటాయి.

ఈ ఆలోచన చరిత్ర నుంచే వచ్చింది. నూరేళ్ల యుద్ధంలో ఇంగ్లండు సైన్యాలు నడిపిన దోపిడీ యాత్రలను ఫ్రెంచివారు షెవోషే అన్నారు. గుర్రాల మీద సాగే యాత్ర అని దాని అర్థం. వాటిలో నాకు నమూనాగా నిలిచింది యువరాజు ఎడ్వర్డ్ 1355లో నడిపిన యాత్ర. బ్లాక్ ప్రిన్స్‌గా పేరుపడిన ఆ యువరాజు అక్టోబరు 5న బోర్డో నుంచి బయలుదేరి, సైన్యాన్ని మూడు బారులుగా విడదీసి, దారి పొడవునా ఊళ్లు తగలబెడుతూ మధ్యధరా తీరానికి దగ్గరలోని నార్బోన్ దాకా వెళ్లి, డిసెంబరు మొదట్లో తిరిగొచ్చాడు. కార్కసోన్‌లో కింది ఊరిని తగలబెట్టాడే గాని, పైనున్న కోట జోలికి పోలేదు. ఏ ఊళ్లోనూ కాపలా దళాన్ని వదల్లేదు.

నియమాల విషయంలో చాలాసేపు తర్జనభర్జన పడ్డాను. ఈ ఆటలో ఒక పట్టణం చేజిక్కగానే మూడు దారులు కనిపిస్తాయి: ఆక్రమించుకోవడం, కొల్లగొట్టడం, ఊచకోత కోయడం. కొల్లగొట్టడం మీద నొక్కిన క్షణంలోనే ఫ్లోరిన్లు, అంటే ఆటలోని డబ్బు, ఖజానాలో చేరిపోతాయి. రీమ్స్‌లో దోచిన వెండి కన్నుమూసి తెరిచేలోగా లండన్‌లో ఉంటుంది. దోపిడీ యాత్రకు ప్రాణమైన భాగాన్ని ఆట ఇక్కడే దాటవేస్తోందని నా అభిప్రాయం. దోచిన సొమ్ము బండ్లకెక్కుతుంది, బండ్లు దండు నడకను మందగింపజేస్తాయి, నడక మందగించిన దండును శత్రువు అందుకుంటాడు. 1356లో అదే యువరాజు మరో యాత్ర నుంచి దోపిడీ సొమ్ముతో తిరిగివస్తుండగా ఫ్రెంచి రాజు అతన్ని పువాతియే దగ్గర అందుకున్నాడు. సెప్టెంబరు 19న జరిగిన ఆ యుద్ధంలో ఓడింది, పట్టుబడింది ఫ్రెంచి రాజు రెండవ జాన్ కనుక ఆ యాత్రకు విజయమన్న పేరు దక్కింది. ఫలితం తారుమారైతే బండ్లతో సహా యువరాజే శత్రువు చేతికి చిక్కేవాడు.

కాబట్టి నా మొదటి నియమం ఇది: కొల్లగొట్టిన మొత్తాన్ని కాగితం మీద వేరుగా రాసుకుని, దండు క్షేమంగా నా నేల చేరేదాకా అందులో ఒక్క ఫ్లోరిను కూడా ఖర్చు పెట్టకూడదు. సొమ్ము వెంట ఉన్నంతకాలం ఆ దండు ఒక టర్నులో తాను నడవగలిగిన దూరంలో సగమే నడవాలి. దారిలో దండు నాశనమైతే, అంత మొత్తాన్నీ దౌత్యవేత్త ద్వారా ఫ్రాన్సుకే తిరిగి చెల్లించాలి. పట్టుకున్న ఊరిని ఒక్క టర్నుకు మించి ఉంచుకోకూడదన్నది రెండో నియమం. ఫలితం నచ్చలేదని, అంతకుముందు భద్రపరచుకున్న పాత సేవ్‌కు వెనక్కి వెళ్లకూడదన్నది మూడోది.

43వ టర్ను (1164)

లక్ష్యంగా రీమ్స్‌ను ఎంచుకున్నాను. కాన్‌కూ రీమ్స్‌కూ నడుమ పారిస్ ఉంది, పారిస్‌లో ఫ్రెంచి రాజు పెద్ద సైన్యంతో ఉన్నాడు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అతని పక్కనుంచే పోవాలి. కష్టమైన దారి కనుకనే దాన్ని ఎంచుకున్నాను, తిరుగుదారిని పరీక్షించాలంటే దానికి తగిన ప్రమాదం ఉండాలి.

దండులో కాలిబంటు ఒక్కడూ లేడు. సేనాని అంగరక్షక దళం ఒకటి, కవచాల రౌతుల దళాలు మూడు, హాబిలర్లు అనే తేలికపాటి రౌతుల దళాలు అయిదు, మొత్తం తొమ్మిది. సైన్యం తనలో అతి నెమ్మదైన దళం వేగంతోనే కదులుతుంది కనుక, పొడవాటి విల్లు పట్టిన కాలిబంట్లను ఒక్క దళం చేర్చినా గుర్రాల వేగమంతా వృథా అవుతుంది. అయితే రౌతులు నిచ్చెనలెక్కలేరు, తలుపులు బద్దలుకొట్టే దూలాన్ని నెట్టలేరు, ఈ ఆటలో యుద్ధం మధ్యలో గుర్రం దిగే వీలు కూడా లేదు. గోడ ముందు నిలబడిన రౌతు ఆ గోడను చూస్తూ ఉండవలసిందే.

ఈ చిక్కుకు గూఢచారులే సమాధానం. ఊరి లోపల నా గూఢచారి ఉంటే, దాడి సమయంలో అతను తలుపులు తెరిచే అవకాశం ఎంత శాతమో ముట్టడి పత్రంలో కనిపిస్తుంది. గూఢచారులు పెరిగేకొద్దీ ఆ శాతం పెరుగుతుంది. తలుపు తెరుచుకుంటే ముట్టడి యంత్రాల కోసం ఒక టర్ను ఆగకుండా, చేరుకున్న రోజే లోపలికి దూకవచ్చు. ముగ్గురు గూఢచారులను లండన్ నుంచి పంపాను.

46వ టర్ను (1170)

మొదటి ప్రయత్నం విఫలమైంది. రీమ్స్ చేరేసరికి ముగ్గురిలో ఒక గూఢచారి పట్టుబడి చనిపోయాడు, మిగిలిన ఇద్దరి బలం మీద పత్రం 52 శాతం చూపించింది. ఆగితే పారిస్ సైన్యం వచ్చిపడుతుందన్న తొందరలో దాడికి ఆజ్ఞ ఇచ్చాను. తలుపు తెరుచుకోలేదు. గోడల మీది విలుకాళ్లు బాణాలు వేయడం మొదలుపెట్టగానే తొమ్మిది దళాలనూ యుద్ధరంగం నుంచి వెనక్కి నడిపించాను. హాబిలర్లలో ఇరవైముగ్గురు పోయారు. అయిదుగురు గూఢచారులు లోపల ఉంటే తప్ప, శాతం ఎనభై దాటితే తప్ప ఇకమీదట ఏ ఊరి తలుపూ తట్టకూడదని నిర్ణయించుకున్నాను.

47 నుంచి 49వ టర్ను దాకా (1172–1176)

వెనక్కి మళ్లుతూ పటాన్ని దగ్గరికి లాక్కుని చూస్తే, నా దండు ఒక టర్ను నిలిచిన చోటల్లా నేల నల్లబడి ఉంది. ఈ సంగతి ఆటలో ఎన్నడో చూసినదే. శత్రు నేల మీద సైన్యం నిలబడితే ఆ ప్రాంతంలో విధ్వంసం పెరిగి, ఊరి రాబడి తగ్గుతుంది. ఊళ్లను ఆక్రమించే ఆటలో అది నాకు నష్టమే, ఎందుకంటే రేపు ఆ ఊరు నాదే అవుతుంది. ఈ ప్రాజెక్టులో అది ఎన్నటికీ నాది కాదు. ఇన్నాళ్లూ ఊరి గోడల వైపే చూస్తూ, ఊరి చుట్టూ ఉన్న నేలను పట్టించుకోలేదని అప్పుడు అర్థమైంది.

1355 నాటి మూడు బారుల పద్ధతి ఇక్కడ సరిగ్గా పనికొచ్చింది. తొమ్మిది దళాలను మూడేసి చొప్పున మూడు బారులుగా విడదీసి, ఒకదానికొకటి దగ్గరలోనే ఉంచుతూ రీమ్స్ చుట్టూ మూడు టర్నులు తిప్పాను. దగ్గరలో ఉంచడానికి కారణం ఉంది: ఒక బారు మీద శత్రువు పడితే పక్క బారు ఆ యుద్ధంలోకి సాయంగా వస్తుంది. పారిస్ నుంచి ఒక సైన్యం బయటికి వచ్చి దక్షిణపు బారు వెంట పడింది. ఆ సైన్యంలో ఎక్కువమంది కాలిబంట్లే కావడంతో, అది ఎంత నడిచినా నా రౌతులు దానికి అందకుండా పక్కకు జరిగేవారు. మూడు టర్నుల్లో ఒక్క యుద్ధం కూడా జరగలేదు. పటం మీద రీమ్స్ చుట్టూ, కోట గోడలను ఆనుకుని కూడా, నల్లటి మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఒకే పొలంలా కనిపించాయి. ఆ దృశ్యం చూసి సంతోషించానని రాయలేను. చరిత్రలో ఆ మచ్చల కింద ఎవరి ఇళ్లున్నాయో తెలుసు. కానీ షెవోషే అంటే సరిగ్గా ఇదేనని, దాన్ని ఆట ఇంత స్పష్టంగా చూపగలదని మొదటిసారి గమనించాను.

ఒక చిన్న సంగతి. పటంలో ఒక టర్నుకు రెండేళ్లు గడుస్తాయి గాని, మనుషుల వయసు ఒక టర్నుకు ఆరు నెలలే పెరుగుతుంది. అందుకే ఈ డైరీలో యాత్ర పొడవును ఏళ్లలో లెక్కించకుండా టర్నుల్లోనే లెక్కిస్తున్నాను. నా సేనాని ఈ మొత్తం యాత్రలో పదేళ్లు కూడా పెద్దవాడు కాడు.

50వ టర్ను (1178)

రెండు క్యాథలిక్ రాజ్యాలు కొట్టుకుంటున్నాయని పోపు కల్పించుకుని, ఫ్రాన్సు మీద దాడులు ఆపమని ఆజ్ఞ పంపాడు. ధిక్కరిస్తే వెలివేత, వెలివేత పడిన రాజ్యం మీద క్రూసేడుకు, అంటే మతయుద్ధానికి, పిలుపు. దండును కాన్‌కు రప్పించి, గడువు ముగిసేదాకా ఆగాను. ఆ విరామంలో గూఢచారులను అయిదుగురికి పెంచాను, నాలుగు ఓడలు కట్టించాను.

ఓడల ఆలోచన ఆ యువరాజు తండ్రి ఎడ్వర్డ్ రాజు నుంచి తీసుకున్నాను. 1346 జులైలో మూడవ ఎడ్వర్డ్ నార్మండీలో దిగి, 26న కాన్ పట్టణాన్ని కొల్లగొట్టిన తర్వాత, దోపిడీ సొమ్మునూ బందీలనూ ఓడల్లో ఇంగ్లండుకు పంపేసి, తేలికపడిన సైన్యంతో ముందుకు సాగాడు. సరిగ్గా నెల తర్వాత, ఆగస్టు 26న, క్రెసీ దగ్గర యుద్ధం గెలిచాడు. నాకు కాన్ సొంత కోటే గాని, రీమ్స్ నుంచి కాన్‌కు తిరిగి రావాలంటే పారిస్ పక్కనుంచి సగం వేగంతో నడవాలి. దానికన్నా వాయవ్యంగా సముద్ర తీరానికి పోయి ఓడలెక్కడం దగ్గరి దారి. ప్రమాదం అందులోనూ ఉంది. ఓడలు మునిగితే అందులోని సైన్యమంతా మునుగుతుంది, సముద్ర యుద్ధాన్ని స్వయంగా నడిపే వీలు ఈ ఆటలో లేదు, ఫలితాన్ని ఆటే తేలుస్తుంది.

55వ టర్ను (1188)

అయిదుగురు గూఢచారులు రీమ్స్ లోపల ఉన్నారు. పత్రం 84 శాతం చూపింది. ఈసారి తలుపులు తెరిచే ఉన్నాయి.

మొదట హాబిలర్లను పంపడం నా తప్పు. తలుపు దాటగానే వీధి ఇరుకు, ఎదురుగా ఈటెల బంట్లు వీధి అంచు నుంచి అంచుదాకా బారులు తీరారు. వెనకనుంచి వస్తున్న రెండో దళం మొదటి దళం మీదికి ఒరుసుకుంటూ చేరడంతో గుర్రాలు ముందుకు పోలేక, వెనక్కి తిరగలేక ద్వారం కిందే కిక్కిరిసిపోయాయి. వాటిని వెనక్కి లాగడానికి పట్టిన ఆ నలభై సెకన్లలోనే ఒక దళంలో సగం పోయింది. ఆ తర్వాత కవచాల రౌతులను తలుపు బయట దూరంగా నిలిపి, పూర్తి వేగం అందుకునేంత చోటు ఇచ్చి, ఒకదాని వెంట ఒకటిగా ఢీకొట్టించాను. మూడో తాకిడికి ఈటెల వరుస విరిగింది. అదే సమయంలో సేనాని అంగరక్షకులు ఎడమవైపు సందులోంచి చుట్టుతిరిగి నడిబొడ్డున ఉన్న కూడలికి చేరారు.

కూడలిలో నిలిచిన శత్రువు పారిపోడు, చచ్చేదాకా పోరాడతాడు. ఈ సంగతి మరిచి అక్కడికి ఒక్క దళాన్నే పంపితే ఆ దళం తిరిగిరాదు. అన్ని దళాలూ చేరేదాకా అంగరక్షకులను కూడలి అంచునే ఆపి, ఆ తర్వాతే మూడు వీధుల్లోంచి ఒకేసారి దూకించాను. కూడలి ఖాళీ అయ్యాక గడియారం మూడు నిమిషాలు లెక్కపెట్టింది, ఊరు నాదైంది.

కొల్లగొట్టిన సొమ్ము 5,740 ఫ్లోరిన్లు. పట్టుబడ్డ బందీలకు విమోచన ధనం అడిగితే ఫ్రెంచి రాజు 1,160 చెల్లించాడు. అతను ఒప్పుకోకపోతే బందీలందరినీ ఆట చంపేస్తుంది. ఆ చెల్లింపు వచ్చినందుకు నాకు నిజంగా ఊరట కలిగింది. మొత్తం 6,900 అని కాగితం మీద రాసుకున్నాను. ఊరి రాబడి పత్రం తెరిస్తే, విధ్వంసం పేరిట నష్టం ఇంకా కనిపిస్తూనే ఉంది.

56వ టర్ను (1190)

ఈ యాత్రలో అందరూ చేయని పని ఏదైనా ఉంటే అది ఈ టర్నులో చేసినదే. రెండో నియమం ప్రకారం రీమ్స్‌ను వదలాలి. కాపలా లేకుండా ఖాళీగా వదిలితే ఫ్రెంచి సైన్యం ఒక్క అడుగులో దాన్ని తిరిగి తీసుకుని, మరుసటి టర్నులో నా వెంట పడుతుంది. అందుకని దౌత్యవేత్తను ముందే తూర్పుకు పంపి ఉంచాను. అతను పవిత్ర రోమన్ సామ్రాజ్యానికి రీమ్స్ ప్రాంతాన్ని ఉచితంగా ఇస్తానన్నాడు, చక్రవర్తి ఒప్పుకున్నాడు. ఊరు చేతులు మారగానే నా దండు గోడల బయట నిలబడి ఉంది.

పారిస్‌లోని పెద్ద సైన్యం నేను ఆశించినట్టే రీమ్స్ వైపు కదిలి, దాన్ని ముట్టడించింది. దాంతో ఫ్రాన్సుకూ సామ్రాజ్యానికీ యుద్ధం మొదలైంది.

57, 58వ టర్నులు (1192–1194)

పెద్ద సైన్యం అటు పోయినా, ఒక చిన్న సైన్యం మాత్రం నా వెంట పడింది. దానికి సేనాని లేడు, ఒక మామూలు దళనాయకుడే నడుపుతున్నాడు. ఈటెల దళాలు అయిదు, బాణాల దళాలు నాలుగు. నేను సగం దూరమే నడుస్తున్నాను, తీరం ఇంకా రెండు టర్నుల దూరంలో ఉంది. లెక్క చూసుకుంటే తీరానికి కొంచెం ముందే నన్ను అందుకుంటుంది. సొమ్మును వదిలేస్తే పూర్తి వేగంతో తప్పించుకోవచ్చు, నియమం దానికి అడ్డురాదు. వదిలేద్దామా అని ఆ రాత్రి ఆట ఆపేసి చాలాసేపు ఆలోచించాను.

చివరికి దండును రెండుగా విడదీశాను. సేనానీ, కవచాల రౌతులూ, బాగా దెబ్బతిన్న ఒక హాబిలరు దళమూ సొమ్ముతో ముందుకు సాగారు. మిగిలిన నాలుగు హాబిలరు దళాలు దారి పక్కనున్న అడవిలో పొంచి ఉన్నాయి. పటం మీద అడవిలో నిలిచిన సైన్యం శత్రువు కంటపడకపోతే, దారిన పోయే ఆ సైన్యం మీద మెరుపుదాడి చేస్తుంది. ఫ్రెంచి నాయకుడు నేరుగా అందులోకి నడిచాడు. యుద్ధం మొదలయ్యేసరికి అతని సైన్యం బారులు తీరకుండా ప్రయాణపు వరుసలోనే ఉంది, బాణాల దళాలు తోక భాగంలో ఉన్నాయి. నాలుగు దళాలనూ ఆ తోక మీదికే వదిలాను. మూడు బాణాల దళాలు చెల్లాచెదరయ్యాయి. ముందున్న ఈటెల దళాలు వెనక్కి తిరిగి చేరుకునేలోగా బయటపడాలనుకున్నాను గాని, రెండు దళాలు పారిపోయేవాళ్లను తరుముతూ దూరం పోయి చిక్కుకున్నాయి. అవి తిరిగి రాలేదు. మిగిలిన రెండూ బయటపడ్డాయి, వెంట పడిన సైన్యం ఆ టర్నులో ఇక కదల్లేదు.

59వ టర్ను (1196)

సొమ్ముతో ఉన్న బారు తీరం చేరి ఓడలెక్కింది, బతికిన హాబిలర్లు కూడా వచ్చి కలిశారు. దారిలో రెండు ఫ్రెంచి ఓడలు అడ్డుపడ్డాయి. ఒక ఓడ పోయింది, మూడు ఇంగ్లండు రేవు చేరాయి. 6,900 ఫ్లోరిన్లనూ ఖజానా లెక్కలోకి ఇప్పుడు ఎక్కించాను.

60వ టర్ను (1198)

లెక్క. ఈ దండు జీతభత్యాలు టర్నుకు సుమారు 1,500 ఫ్లోరిన్లు. కాన్ నుంచి చివరిసారి బయలుదేరింది మొదలు తిరిగొచ్చేదాకా ఆరు టర్నులు, అంటే 9,000. పోయిన రెండు దళాలనూ, ఒక ఓడనూ, మొదటి విఫల ప్రయత్నాన్నీ కలపకుండానే, తెచ్చిన సొమ్ముకన్నా 2,100 ఎక్కువ ఖర్చయింది. నా ఖజానా వైపు నుంచే చూస్తే ఇది నష్టపు యాత్ర.

అయితే 1355 యాత్ర ముగిశాక, యువరాజు కొలువులో ఉన్న జాన్ వింగ్‌ఫీల్డ్ ఆ డిసెంబరులో వించెస్టర్ బిషప్‌కు రాసిన లేఖలో యాత్ర ఫలితాన్ని మరో విధంగా లెక్కగట్టాడు. తాము ధ్వంసం చేసిన నేలా పట్టణాలూ ఫ్రెంచి రాజు యుద్ధాలకు ఏటా ఇచ్చే ధనం అతని రాజ్యంలో సగం ఇచ్చేదానికన్నా ఎక్కువని, ఆ ఊళ్ల పన్నుల చిట్టాలు చూసి మరీ రాశాడు. ఆ లెక్కలో తన సంచిలోకి వచ్చిన దానికన్నా, ఎదుటివాడి సంచిలోకి ఇక రానిదే ముఖ్యం.

అందుకని నా కాగితం మీద నిలువుగా గీత గీసి రెండో వరుస మొదలుపెట్టాను. ఫ్రాన్సు కోల్పోయినవి: రీమ్స్ రాబడి, విమోచన ధనం 1,160, మూడు బాణాల దళాలు, దానికి తోడు తూర్పు సరిహద్దులో కొత్త యుద్ధం. నా గూఢచారి ఇచ్చిన సమాచారం ప్రకారం పారిస్‌లో ఇప్పుడు నాలుగు దళాలే మిగిలాయి. ఆ సంఖ్య చూడగానే పాత ఆట అలవాటు పైకి వచ్చింది. కాన్ నుంచి కాలిబంట్లతో వెళ్తే రెండు టర్నుల్లో పారిస్ నాదవుతుంది. వెళ్లను. ఈ ప్రాజెక్టుకు పారిస్ నిండుగా ఉండటంకన్నా, రాజు దాన్ని నింపడానికి డబ్బు వెతుక్కుంటూ ఉండటమే మేలు.

తర్వాతి యాత్రలో మార్పులు మూడు. ముందు రెండు టర్నులు విధ్వంసపు బారులు, ఆ తర్వాతే ఊరి మీద దాడి. ఈసారి ఆ రెంటి మధ్య పోపు ఆజ్ఞ వచ్చి కాలం వృథా అయింది కనుక, ముందే పోపుకు కానుక పంపి సఖ్యత పెంచుకోవాలి. ద్వారంలోకి మొదట కవచాల రౌతులు, హాబిలర్లు తరుముడుకే. ఓడలు నాలుగు చాలవు, ఆరు కావాలి.

అయిదుగురు గూఢచారుల్లో ముగ్గురు బతికి ఉన్నారు. వాళ్లను రీమ్స్ నుంచి బయటికి తీసి దక్షిణంగా బోర్డో వైపు నడిపించాను. ముందున్నవాడు ఆంజే దాటాడు, ఇంకా ఎవరి కంటా పడలేదు.